పది రూపాయల డోసు

మా ఉద్దానంలో మందుల షాపుకొచ్చేవాళ్లు మందు పేరు అడగరు, డోసు అడుగుతారు. "బావూ, మోకాళ్ల నొప్పులకి రెండు డోసులు కట్టు" అంటారు. డోసంటే ఒక కాగితం పొట్లం. అందులో నొప్పి బిళ్ల ఒకటి, అది కడుపులో మంట పెట్టకుండా గ్యాసు బిళ్ల ఒకటి, బలానికని బీకాంప్లెక్సు ఒకటి. "మొన్నటిది పట్టనేదు బావూ" అన్నవాళ్లకి వీటితోపాటు ఓ చిన్న తెల్ల బిళ్ల. ఆ తెల్ల బిళ్ల స్టెరాయిడ్. నేను షాపు పెట్టిన కొత్తలో డోసు రెండు రూపాయలు, ఇప్పుడు పది. ఇరవై ఏడేళ్లుగా కడుతున్నాను. ఎన్ని కట్టానో లెక్క లేదు. లెక్క లేదంటే రాసుకోలేదని. రాయాల్సిన పుస్తకం షాపులో ఉంది. రాయలేదు.

నొప్పి బిళ్లల అట్ట మీద ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. ఆ ముక్క పక్కనే చిన్న అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది. అట్టను కత్తెరతో ముక్కలు చేసి, బిళ్ల వలిచి కాగితంలో వేశాక ఆ గీత ఉండదు, మందు పేరుండదు, తేదీ ఉండదు. మోసం చేద్దామని అలా చెయ్యలేదు. పొట్లం కట్టడం సులువని చేశాను. సులువు కోసం చేసిన పనీ మోసమే కావచ్చని ఆలోచించడానికి కౌంటర్ దగ్గర తీరిక ఉండేది కాదు. తీరిక లేదనడం కూడా పూర్తి నిజం కాదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకుంటూనే కూర్చునేవాణ్ని.

వచ్చేవాళ్లెవరో చెప్పాలి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్న చోటే. ఉభాల రోజుల్లో బురదలో వంగి నాట్లేసేవాళ్లు. సముద్రం ఒడ్డు నుంచి నెత్తిన చేపల గంపతో ఊరూరూ తిరిగేవాళ్లు. కొబ్బరితోటల్లో కాయలు ఏరి మోసేవాళ్లు. మగవాళ్లు తక్కువ. మగవాళ్లు ఊళ్లో ఉంటే కదా, హైదరాబాదులో మేస్త్రీ పనుల్లోనో, గుజరాత్‌లో పడవల మీదో ఉంటారు. కీళ్లు అరిగే ఈ జబ్బు 2019 నాటికి ప్రపంచంలో 52.8 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. అందులో పదిమందికి ఆరుగురు ఆడవాళ్లు. అన్ని కీళ్లలోకీ ఎక్కువగా దెబ్బతినేది మోకాలు, ఒక్క మోకాలే 36.5 కోట్ల మందికి. ఆ కోట్లలో నా కౌంటర్ ముందు నిలబడినవాళ్లూ ఉన్నారు. నిలబడడం అన్నది సరైన మాట కాదు. చెక్క అంచు పట్టుకుని వేలాడేవారు.

నా షాపు కాలవ మీద ఉంది. రోడ్డు నుంచి మూడు మెట్లెక్కాలి. పట్టుకోడానికి కమ్మీ లేదు. మోకాళ్ల నొప్పికి మందు కావాలని వచ్చినవాళ్ల చేత ఇన్నేళ్లూ మూడు మెట్లు ఎక్కించాను, మూడు మెట్లు దించాను. ముందు ఒక కుర్చీ వెయ్యాలని ఇరవై ఏళ్లు నాకు తోచలేదు. తోచి ఉంటే కూర్చునేవారు. కూర్చుంటే మాట్లాడేవారు. మాట్లాడితే నేను ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చేది. బహుశా అందుకే తోచలేదేమో.

మోకాలి నొప్పికి మా దగ్గర రెండే మాటలున్నాయి. ఒకటి వాతం, రెండోది గుజ్జు. వాతమంటే వంకాయ మానెయ్, గోంగూర మానెయ్, శనగపిండి ముట్టుకోకు. ఏళ్ల తరబడి నోరు కట్టుకున్న ముసలమ్మలు మా వీధిలో ఉన్నారు. వాళ్లకి మోకాలు తగ్గలేదు, తిండి తగ్గింది. గుజ్జు అరిగిపోయిందంటే ఇక అంతే, చేసేదేం లేదని. బండి చక్రం బుష్షులా అరిగిపోయింది, ఇంకా తిప్పితే ఇంకా అరుగుతుంది, కాబట్టి కదలకుండా కూర్చో. ఈ మాట అందరం చెప్పాం. ఊళ్లో ఇంజక్షన్లు చేసే ఆర్‌ఎంపీ చెప్పాడు, కొడుకులు ఫోన్లో చెప్పారు, కోడళ్లు ప్రేమగానే చెప్పారు, నేను పొట్లం చేతిలో పెడుతూ చెప్పాను. "నడవకండి పిన్నీ, రెస్టు తీసుకోండి." ఇంత దయగా ఇంత చెడ్డ సలహా మేం మరొకటి ఇవ్వలేదు.

అది చెడ్డ సలహా అని నాకు చెప్పింది మా అక్క కూతురు. దానికంటే ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మకి యాభై దాటగానే మోకాళ్లు మొదలయ్యాయి. అంతకు ముందు ముప్పై ఏళ్లు పొలం పని, పాతిక అడుగుల నూతిలోంచి నీళ్లు తోడి బిందె మీద బిందె పెట్టి మోయడం, నేల పొయ్యి, కత్తిపీట. షాపు మూసి ఇంటికెళ్లేటప్పుడు జేబులో రెండు పొట్లాలు వేసుకెళ్లేవాణ్ని. ఇంట్లోవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోను గనుక అక్కడ లెక్క అసలే లేదు. తెల్ల బిళ్ల వేసిన నెలల్లో అమ్మ చకచకా తిరిగేది. మొహం గుండ్రంగా నిండింది. చుట్టాలొచ్చి "మీ అమ్మ ఒళ్లు చేసింది, మందుల షాపు కొడుకు ఉంటే అంతే మరి" అన్నారు. నేను మురిసిపోయాను. అది ఒళ్లు చెయ్యడం కాదని, స్టెరాయిడ్ మొహాన్ని అలాగే నింపుతుందని, లోపల ఎముకను గుల్ల చేస్తుందని, షుగరును లేపుతుందని నేను చదువుకున్నాను. చదువుకున్నదాన్ని అమ్మ మొహంలో చూడలేకపోయాను. చూడలేకపోవడమా, చూడకపోవడమా అంటే రెండోదే.

నొప్పి బిళ్ల సంగతీ చదువుకున్నాను. మూత్రపిండాలకి రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలను తెరిచి ఉంచే రసాయనాలు ఒంట్లోనే తయారవుతాయి. నొప్పి బిళ్ల నొప్పితోపాటు వాటినీ ఆపుతుంది. వయసు మళ్లినవాళ్లకి, ఎండన పడి ఒంట్లో నీరు తగ్గినవాళ్లకి, కొన్ని రకాల బీపీ బిళ్లలు మింగేవాళ్లకి ఆ దెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది. ఫార్మసీ డిప్లమో పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. జవాబు బాగా రాశాను. కాగితం మీద రాసింది కౌంటర్ మీద చెప్పలేదు. అదీ ఎక్కడ? నీళ్ల పేరు చెబితే భయపడే ఉద్దానంలో, ఇంటికో కిడ్నీ రోగి ఉన్న వీధుల్లో.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. ముందు రాత్రి గాలి మొదలయ్యేసరికి పెంకుటిళ్లవాళ్లని బడి భవనంలోకి రమ్మన్నారు. అందరూ పరిగెత్తారు. అమ్మ లేవలేకపోయింది. మంచం పట్టీ పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూలబడింది. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ, పక్కింటి కుర్రాడూ మోసుకెళ్లాం. బడి వరండాలో లాంతరు వెలుగులో చూద్దును కదా, అలా కుర్చీల్లో, మంచాల మీద మోసుకొచ్చినవాళ్లు పదకొండు మంది. పదకొండు మందీ ఆడవాళ్లే. పదకొండు మందీ నా డోసు మింగేవాళ్లే. ఆ రాత్రి కొబ్బరిచెట్లు విరుగుతున్న చప్పుడు వింటూ నేను వాళ్ల మొహాలు చూడకుండా కూర్చున్నాను.

తెల్లారాక ఏమైనా మారానా? లేదు. తోటలు నేలకొరిగాయి, కరెంటు రోజుల తరబడి లేదు, జీడిమామిళ్లు వేళ్లతో లేచాయి. ఆ వారమంతా కాళ్ల నొప్పులన్నవాళ్లకి డబ్బు తీసుకోకుండా డోసులిచ్చాను. తుఫాను సాయం అనుకున్నాను. నలుగురూ మెచ్చుకున్నారు.

అమ్మమ్మను చూడ్డానికి మా మేనకోడలు విశాఖపట్నం నుంచి వచ్చింది. ఫిజియోథెరపీ చదివిన పిల్ల. నేను పొట్లం ఇస్తుంటే చూసింది. ఏమీ అనలేదు. తువ్వాలు చుట్టచుట్టి అమ్మమ్మ మోకాలి కింద పెట్టింది. "అమ్మమ్మా, దీన్ని మోకాలితో కిందకి నొక్కు. అయిదు లెక్కపెట్టి వదులు." అమ్మ నొక్కలేకపోయింది. తొడ మీద కండ ఉంటే కదా. ఆ పిల్లే చీర పక్కకి జరిపి చూపించింది. మోకాలు కొబ్బరికాయంత వాచి ఉంది, దాని పైన తొడ వెదురుబొంగులా ఉంది. దొడ్డికాళ్లయిపోయాయి. ఇన్నేళ్లూ అందరం మోకాలినే చూశాం, దాని మీది తొడను ఎవరం చూడలేదు.

"మావయ్యా, గుజ్జుకి రక్తనాళాలు లేవు" అంది. "దాని తిండి కీలులో ఉండే నీళ్లలోంచే దానికి అందాలి. అడుగు వేస్తే నొక్కుకుంటుంది, అడుగు తీస్తే వదులుతుంది, స్పాంజిలాగా. నడకే దానికి అన్నం. మీరు నడవొద్దన్నారు." గుజ్జులో నరాలు కూడా లేవట. నొప్పి గుజ్జులోంచి రాదు, దాని చుట్టూ ఉన్న ఎముక నుంచి, కీలు లోపలి పొర నుంచి, బిగిసిన కండల నుంచి వస్తుంది. అందుకే ఎక్స్‌రేలో ఘోరంగా కనిపించే మోకాలితో హాయిగా తిరిగేవాళ్లుంటారు, ఎక్స్‌రే బాగానే ఉండి అడుగు వెయ్యలేనివాళ్లూ ఉంటారు. ఎక్స్‌రే కవరు పట్టుకొచ్చి "నాలుగో గ్రేడంట బావూ" అని చెప్పిన వాళ్లకి నేను తీర్పు విన్నవాడిలా తలూపి డోసు కట్టేవాణ్ని. అది తీర్పు కాదని చెప్పడానికి ఒక వాక్యం సరిపోయేది.

ఇంకొకటి అడిగింది. "పొద్దున లేచాక బిగుసుకుని పావుగంటకో అరగంటకో సర్దుకునేవాళ్లనీ, గంట దాటినా వదలకుండా రెండు చేతుల వేళ్ల కీళ్లు వాచేవాళ్లనీ నువ్వు విడివిడిగా చూస్తావా?" రెండోది వేరే జబ్బు. దానికి మందులు వేరు, తొందరగా మొదలుపెడితే కీళ్లు దక్కుతాయి. నా దగ్గర రెండింటికీ ఒకటే పొట్లం. తెల్ల బిళ్లతో వాపు తగ్గేది, జబ్బు ఆ వాపు వెనకాల దాక్కుని తన పని తాను చేసుకునేది. అలా చేతివేళ్లు వంకర్లు పోయిన ఇద్దరు ఇప్పటికీ నా షాపు ముందు నుంచే వెళ్తారు. నన్ను చూసి నవ్వుతారు. మంచిగానే నవ్వుతారు. అదే కష్టం.

ఆ పిల్ల చెప్పినవన్నీ ఖర్చులేని పనులే. తువ్వాలు నొక్కడం. పడుకుని కాలు నిటారుగా ఎత్తి పది లెక్కపెట్టడం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, రోజూ పదేసి సార్లు. రోజుకి కాసేపు నడక. ఒక కాలే ఎక్కువ బాధపెడితే కర్ర రెండో చేత్తో పట్టుకోవడం. మేమంతా నొప్పి ఉన్న వైపే కర్ర పట్టిస్తాం, అది తప్పట. వేడినీళ్ల కాపడం. బిళ్లకు ముందు పైపూత మందు, ఎందుకంటే మోకాలికి రాసేది ఒంట్లోకి చాలా తక్కువే వెళ్తుంది. బిళ్ల తప్పనిసరైతే కిడ్నీ పరీక్ష, బీపీ చూసి, డాక్టరు చెప్పినన్ని రోజులే. కీలు ఒక్కసారిగా ఎర్రగా వేడెక్కి జ్వరమొస్తే ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి. చిప్పలు మార్చే ఆపరేషన్ ఇవన్నీ అయ్యాక చివరి మాట. దాని తర్వాత కూడా తొడ కండ పెంచుకోవాల్సిందే.

బరువు సంగతీ చెప్పింది. ఒంట్లో ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుగుకీ నాలుగు కిలోల భారం తగ్గుతుందట. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన వైద్యులు, అయిదు కిలోలు తగ్గినవాళ్లకి మోకాళ్ల నొప్పి జబ్బు వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గిందని 1992లో రాశారు. అది విని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను, మా వాళ్లు లావు కాదు కదా అని. ఆ పిల్ల ఊరుకోలేదు. ఫ్రామింగ్‌హామ్ ఆడవాళ్లకంటే బీజింగ్ ఆడవాళ్లు సన్నం, అయినా మోకాళ్ల జబ్బు వాళ్లకే ఎక్కువ కనిపించిందట. వయసులో ఉండగా గంటలకొద్దీ గొంతుక్కూర్చోవడానికీ దానికీ సంబంధం ఉందని తేలిందట. ఇక మా సంగతి నాకే అర్థమైంది. మా ఆడవాళ్లకి బరువు ఒంట్లో లేదు, నెత్తిమీద ఉంది. నీళ్ల బిందె, కట్టెల మోపు, చేపల గంప. దించేవాళ్లం మేమే. దించలేదు.

గొంతుక్కూర్చోవడం అన్నాను గనుక మరుగుదొడ్డి సంగతి దాచకూడదు. స్వచ్ఛభారత్ వచ్చాక ఇంటింటికీ కట్టుకున్నాం. అన్నీ నేలమీద కూర్చునేవే. కొడుకులు హైదరాబాదు నుంచి డబ్బు పంపి శ్లాబు వేశారు, నున్నటి గచ్చు వేశారు, వీధిలోకి ఎత్తైన మెట్లు కట్టారు. కన్నం ఉన్న కుర్చీ ఒకటి కొనాలని ఎవరికీ తోచలేదు. తోచినవాళ్లకి నామోషీ అడ్డొచ్చింది. "అమ్మకి అప్పుడే అంత వయసొచ్చేసిందా" అని. దాంతో ముసలమ్మలు ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్లు తాగడం తగ్గించారు. తాగితే కదా కూర్చోవాల్సి వచ్చేది. ఎండలో చాకిరీ, చాలని నీళ్లు, దాని మీద నా డోసు. కిడ్నీలకి ఇంతకంటే చెడు చేద్దామని ఎవరైనా కూర్చుని ఆలోచించినా ఇంత బాగా కుదరదు. మేం ఆలోచించకుండానే చేశాం.

అమ్మ మూడు నెలలు ఆ పిల్ల చెప్పినట్టు చేసింది. సంక్రాంతి దాటేసరికి చేతులానకుండా కుర్చీలోంచి లేచింది. వీధి చివరి రామాలయం దాకా నడిచింది. నేను సంతోషించాను. సంతోషించి వదిలేశాను. పక్కన కూర్చుని లెక్కపెట్టేవాళ్లు లేక తువ్వాలు మళ్లీ దండెం మీదకెక్కింది. వేసవికి నొప్పి తిరిగొచ్చింది. "బాబూ, ఒక్క పొట్లం" అంది. ఇచ్చాను. ఏడాది తిరగకుండా పాదాలు వాచాయి, రక్తపరీక్షలో క్రియాటినిన్ అయిదు దాటింది. డయాలసిస్ మంచం దగ్గర నా పక్కన కూర్చున్నవాళ్లలో ఇద్దరు నా దగ్గర పొట్లాలు కొన్నవాళ్ల కొడుకులు. మేం ముగ్గురం రాజకీయాలు మాట్లాడుకున్నాం. అమ్మ 2021లో పోయింది.

ఆమె కిడ్నీలు నా బిళ్లల వల్లే పోయాయని ఏ డాక్టరూ అనలేదు. ఉద్దానం జబ్బుకి ఇదీ కారణమని ఒక్కదాన్ని ఇప్పటికీ తేల్చలేదు. భూగర్భజలాల్లో సిలికా, ఎండలో పని, ఒంట్లో నీరు చాలకపోవడం, పురుగుమందులు, నొప్పి బిళ్లలు అని ఒక జాబితా ఉంది. ఆ జాబితాలో నా వంతు చివర్లో ఉంది. కానీ ఉంది. చివర్లో ఉండడం చూసుకుని చాలా ఏళ్లు ధైర్యంగా ఉన్నాను.

కిడ్నీల కోసం మేం పోరాడలేదని కాదు. ఊరేగింపులు తీశాం, వినతిపత్రాలిచ్చాం. నేనూ జెండా పట్టుకుని నడిచాను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో వచ్చాయి. అడిగితే వస్తాయని మాకు తెలుసు. ఒక ఊరేగింపు ముగిశాక సాయంత్రం షాపు తెరిస్తే, నడిచి కాళ్లు నొప్పులని పొట్లాలు కొనుక్కున్నారు జనం. అమ్మాను. కిడ్నీల కోసం నడిచిన నొప్పికి కిడ్నీలకి పడని బిళ్ల. ఆ రోజు నాకు అది వింతగా తోచలేదు. పాత పేపర్లు చదరంగా కత్తిరించి పొట్లాలు కడతాను కదా, ఉద్దానం కిడ్నీ వార్త ఉన్న ముక్కలో కూడా కట్టే ఉంటాను. కట్టి ఉంటాను అనడం ఎందుకు, ఒకసారి చూశాను. చూసి మడత లోపలికి తిప్పి కట్టాను.

ఈ బిళ్లల్లో ఒకటైన డైక్లోఫినాక్ ఏం చేస్తుందో మాకంటే ముందు రాబందులు చెప్పాయి. నా చిన్నప్పుడు చచ్చిన గొడ్డుని ఊరి చివర పడేస్తే రాబందులు వాలేవి. తర్వాత కనబడడం మానేశాయి. పశువులకి వేసిన డైక్లోఫినాక్ కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని 2004లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లు కాదు, నిజమే. ఆ పేపరు కూడా నా షాపుకొచ్చింది. చదివి ఆశ్చర్యపోయాను. నా వెనక అలమరాలో వరసగా ఉన్నది అదే మందని తిరిగి చూసుకున్నట్టు గుర్తు లేదు.

నన్ను ఇంకా బాధపెట్టేది మరొకటుంది. తొడ కండ విలువ తెలియని నేల కాదు ఇది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు బరువులెత్తడం ఊరి అలవాటు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో పతకం గెలిచింది. బరువు చేతులతో కాదు, తొడలతో లేస్తుందని ఆ ఊళ్లలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. మల్లీశ్వరి గెలిచిన రోజు నేను షాపులో మిఠాయి పంచాను. మిఠాయి తీసుకున్న ఆడవాళ్లే డోసులూ తీసుకెళ్లారు. ఆ పిల్లల కాళ్లలో ఉన్న రహస్యం ఈ అమ్మల కాళ్లకి కూడా పనికొస్తుందని, పావుకిలో ఇసుకసంచీ కట్టి కాలు పైకెత్తిస్తే చాలని ఒక్కడికీ తట్టలేదు. పతకం మనదనుకున్నాం, కసరత్తు మాత్రం వాళ్లకే వదిలేశాం.

డెన్మార్క్‌లో 2013 నుంచి ఒక పద్ధతి నడుస్తోందని మేనకోడలు చెప్పింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని పోగేసి రెండు మూడు పాఠాలు, ఆరు వారాల్లో పన్నెండుసార్లు కసరత్తు. అంతే. పోగవడం మా వాళ్లకి కొత్తా? డ్వాక్రా సంఘం మీటింగు ఎలాగూ ఉంది. అప్పు వాయిదా కట్టి సంతకం పెట్టాక పది నిమిషాలు అందరూ కుర్చీల్లో లేచి కూర్చోవచ్చు. మా ఆవిడ ఆ సంఘంలో లీడరు. నేను ఆవిడకి చెప్పలేదు. చెబితే "మరి నువ్వెందుకు అమ్ముతున్నావు" అని అడుగుతుందని చెప్పలేదు. అమ్మ ఉన్న రోజుల్లో ఇంటికి ఆరోగ్య సర్వేకి వచ్చిన అమ్మాయిలు బీపీ చూశారు, షుగరు చూశారు. మోకాళ్ల మాట అమ్మ ఎత్తలేదు. నొప్పిని చెప్పుకోకపోవడం పెద్దరికమని, చెప్పుకుంటే నస అని నేర్పింది మేమే. మాట లేకుండా భరించిన ఆడదాన్ని పొగిడాం. ఆ పొగడ్త కూడా ఒక రకం డోసే.

ఇప్పుడు షాపు ముందు కుర్చీ వేశాను. మెట్లకి కమ్మీ వేయించాను. ఇదంతా చదివి నేను మారిపోయాననుకోకండి. తువ్వాలు చూపిస్తే కొందరు నవ్వి పక్క షాపుకెళ్తారు. పక్క షాపుకెళ్తారన్న భయంతో కొన్నిసార్లు నేనే కట్టేస్తాను. ఇంటి అద్దె, కరెంటు బిల్లు, కొడుకు చదువు అని నాకు కారణాలున్నాయి. కారణాలు లేనివాళ్లు ఎవరున్నారు? ఇన్నాళ్లూ అందరి దగ్గరా కారణాలే ఉన్నాయి, అందుకే ఎవరి దగ్గరా తప్పు కనబడలేదు.

మొన్న జీడిపిక్కలు కొట్టే ఆవిడ ఒకామె వచ్చింది. అరవై దాటి ఉంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద పెట్టుకుని లెమ్మన్నాను. నవ్వింది. మూడోసారికి లేచింది. అయిదుసార్లు లేచి కూర్చుని ఆయాసపడుతూ నా వైపు చూసింది.

"ఇంత మాట ఇన్నాళ్లూ సెప్పనేదేటి బావూ?"

"నాకూ తెలీదమ్మా" అన్నాను. అబద్ధం.

"సర్లే. రెండు డోసులు కట్టు, రేపు పనికెల్లాలి" అంది.

పైపూత మందు చూపించాను, ధర విని తల తిప్పింది. కట్టాను. తెల్ల బిళ్ల వెయ్యలేదు. ఇరవై ఏడేళ్లకి నేను వచ్చింది అంతవరకే.